అభిమానుల చిత్రములు, అభిమానుల తీర్పు

గడచిన సంక్రాంతి సెలవులలో మాయొద్ద చదివి వెళ్లిన విద్యార్థి యొకడు మా యింటికి వచ్చి, తన ఫోనులో ఒక చలనచిత్రమును మాకు చూపెను. చూపుటకు ముందే మావలన మాట తీసికొనెను. "మాస్టారూ, మొదటి పది నిమిషాలూ మీకు నవ్వు వస్తుంది. నవ్వుకోండి గాని మధ్యలో లేచిపోకండి" అనెను. అతడు చెప్పినట్లే మేము నవ్వితిమి. స్టార్ ట్రెక్ అను అమెరికా ధారావాహికలోని కెప్టెన్ కిర్క్ పాత్రను అందులో ఒక అభిమాని ధరించినాడు. అతని జుట్టు తీరును, మాట మధ్య ఆగుటయు, చూపు త్రిప్పుటయు మాకు వేడుకగా తోచినవి. అరగంట గడచుసరికి నవ్వవలెనన్న సంగతియే మరచితిమి. చిత్రము ముగిసిన పిదప కొంతసేపు మేమేమియు మాటాడలేదు. అప్పుడా విద్యార్థి, "నా స్నేహితులు మూడు నిమిషాలకే ఆపేశారు మాస్టారూ. వాళ్లూ స్టార్ ట్రెక్ అంటే ప్రాణం పెట్టేవాళ్లే" అనెను. ప్రాణము పెట్టువారే త్రోసిపుచ్చుట యేమి, ప్రాణము పెట్టువారే అక్కున జేర్చుకొనుట యేమి అను ప్రశ్న నాటినుండి మమ్ము వదలలేదు.

ఈ విషయము తెలియని చదువరులకై నాలుగు మాటలు చెప్పవలసియున్నది. స్టార్ ట్రెక్ 1966లో అమెరికా దూరదర్శనమున మొదలై 1969లో ఆగిపోయినది. జీన్ రాడెన్‌బెరి దాని సృష్టికర్త. మొత్తము 79 భాగములు. దానిని నిలిపివేయుదురన్న వార్త పుట్టినప్పుడు అభిమానులు ఉత్తరములు కుప్పలుగా వ్రాసిరి. మూడవ వత్సరము నడచుటకు ఆ ఉత్తరములు తోడ్పడినవి. కావున ఈ కథకును దాని ప్రేక్షకులకును గల సంబంధము మొదటినుండియు సామాన్యమైన క్రయవిక్రయ సంబంధము కాదు. తామే నిలిపిన యింటిలో తమకు వంటచేసికొను హక్కు కలదని వారు తలచిరి. స్టార్ వార్స్ (1977), బ్రిటిషువారి డాక్టర్ హూ మున్నగు కథామాలికల విషయమునను ఇట్లే జరిగినది. వృత్తిగా గాక ప్రీతిగా చిత్రములు తీయువారు వీనినాధారము చేసికొని తీసిన చిత్రములు నేడు లెక్కకు మిక్కిలి. వానికి అభిమాన చిత్రములని పేరు. మేము చూచినది 2007లో వెలువడిన 'వరల్డ్ ఎనఫ్ అండ్ టైమ్'. న్యూయార్కు రాష్ట్రమున జేమ్స్ కాలీ యనునతడు, తన వృత్తియైన ఎల్విస్ ప్రెస్లీ గాన ప్రదర్శనములవలన సంపాదించిన ధనమును వెచ్చించి, ఓడలోని గదులను అచ్చముగా కట్టించి నడపిన 'న్యూ వాయేజెస్' అను మాలికలోని దది.

అభిమానులు ఇట్టి చిత్రములను తిరస్కరించుటకు కారణమేమని అడిగినచో సిద్ధముగనున్న సమాధానములు రెండు. రంగస్థలము అట్టతో చేసినట్లుండుననునది యొకటి. నటులకు నటన రాదనునది రెండవది. రెండును నిజమే కాని రెండును చాలవు. 1966 నాటి అసలు ధారావాహికలోని కొండలు మాత్రము అట్టకొండలు కావా? వానిని అభిమానులు ఏబది యేండ్లకు పైబడి ప్రేమించుచునే యున్నారు. 'హిడెన్ ఫ్రాంటియర్' అను అభిమాన మాలిక 2000 మొదలు 2007 వరకు ఏబది భాగములు నడచినది. అందు గోడలన్నియు పచ్చతెరమీద యంత్రముతో అంటించినవి. నటుల తలలచుట్టు పచ్చని అంచు కానవచ్చుచుండును. అయినను దానికి ఆదరించు ప్రేక్షకులు కొఱవడలేదు. కావున లేమియే దోషమనుట కుదరదు.

ఇచ్చట మన ఆలంకారికుల చర్చయొకటి మాకు స్ఫురించుచున్నది. రసమనగా అనుకార్యుడైన రాముని భావమును నటుడు అనుకరింపగా ప్రేక్షకుడు ఊహించునదియేయని శంకుకుడు చెప్పెను. చిత్తరువులోని గుఱ్ఱమును చూచినప్పుడు ఇది నిజముగా గుఱ్ఱమనియు అనుకొనము, గుఱ్ఱము కాదనియు అనుకొనము; నాట్యమును అట్టిదేయని అతని ఉపమానము. దీనిని అభినవగుప్తుని గురువగు భట్టతౌతుడు ఖండించెను. రాముని చూచినవారెవరు, చూడనివానికి ఇతడు అనుకర్తయని యెట్లు చెప్పుదురని ఆయన ప్రశ్న. మేము కళాశాలలో చదువునాడు ఈ ప్రశ్నకు బదులు లేదని మా పంతులుగారు చెప్పగా విని సంతోషించితిమి. ఇప్పుడు చూడగా ఆ ప్రశ్నకు బదులుగల కాలము వచ్చినది. రాముని ఎవరును చూడలేదు. కిర్కును మాత్రము అందరును చూచిరి. విలియం షాట్నరు అను నటుని రూపముననే చూచిరి. కిర్కునకు అంతకు ముందు వేఱొక రూపము లేదు. కావున అభిమాన నటుడు కిర్కును ధరించినప్పుడు అతడు పాత్రను అనుకరించుట లేదు, మొదటి నటుని అనుకరించుచున్నాడు. చిత్తరువులోని గుఱ్ఱమునకు మరల చిత్తరువు వ్రాయుచున్నాడు. ప్రేక్షకుని మనస్సు కథవంక పోవుటకు మారుగా రెండు చిత్తరువులను ప్రక్కప్రక్కన పెట్టుకొని తోక పొడవును కొలుచును.

మన పద్యనాటకములకును ఇంచుక ఇట్టి గతియే పట్టినది. మా బాల్యమున మా యూర శ్రీకృష్ణ వేషము కట్టిన వడ్డీవ్యాపారిని కృష్ణుడు కాదని ఎవరును అనలేదు. పద్యము బాగుగా పాడెనా లేదా అనునదొక్కటే విచారణ. కాని 1957లో మాయాబజారు చిత్రము వచ్చిన పిదప నందమూరి తారక రామారావుగారి కృష్ణుని మా పెద్దలు కన్నులలో నిలుపుకొని యుండుటచే, మా వ్యాపారి కిరీటము ఎక్కువ వంగినదనియు, చిరునవ్వు తక్కువైనదనియు వారు లోపాలెన్నుట మేమెఱుగుదుము. చూడనివాని వేషమునకు గల స్వేచ్ఛ చూచినవాని వేషమునకు లేదు.

భరతుడు శృంగారమును అనుకరించుటవలననే హాస్యము పుట్టునని చెప్పియున్నాడు. గంభీరమును అనుకరింపబోవువాడు, ఎంత శ్రద్ధగలవాడైనను, హాస్యపు గుంటలో కాలు జారుట ఈ కారణముచేతనే. తెలివిగలవారు కొందరు జారుటకు మారుగా దూకిరి. స్టార్ వార్స్ వెలువడిన మరు సంవత్సరమే, అనగా 1978లో, ఎర్నీ ఫాసెలియస్ 'హార్డ్‌వేర్ వార్స్' అను చిన్న పరిహాస చిత్రమును తీసెను. అందు ఆకాశనౌకలుగా ఎగురునవి ఇస్త్రీపెట్టెలును, రొట్టెలు కాల్చు యంత్రములును. డబ్బు లేకపోవుటయే అందు అలంకారమైనది. చూచినవారెవరును లోపములు వెదకలేదు. లోపములను వారే ముందు పెట్టిరి గదా! ఫిన్లాండు దేశమున సములి టోర్సోనెన్ తన యింటిలోనే నీలితెర కట్టి మిత్రులతో కూడి ఏడేండ్లు శ్రమించి తీసిన 'స్టార్ రెక్: ఇన్ ది పిర్కినింగ్' (2005) అను పరిహాసమును ఇట్లే ఆదరమును పొందినది. ఆ మిత్రబృందమే పిమ్మట 2012లో 'ఐరన్ స్కై' అను చిత్రమును థియేటర్లకు తెచ్చినది. స్టార్ వార్స్ స్వామ్యము గల లూకస్‌ఫిలిం సంస్థ 2002లో అభిమాన చిత్రములకు పోటీ నెలకొల్పినప్పుడు పరిహాసములను, వృత్తాంత చిత్రములను మాత్రమే స్వీకరించినది. గంభీర కథలకు 2007 వరకు ద్వారము తెఱువలేదు. పరిహాసము అసలునకు పోటీ కాదని వ్యాపారులకును తెలియును. అభిమానులు పరిహాసమును సులభముగా ఒప్పుకొనుటకును ఇదియే కారణము: తమ దేవుని పీఠముమీద మఱియొకరు కూర్చుండుట లేదు.

అట్లయిన గంభీరమైన అభిమాన చిత్రము గట్టెక్కుటయే లేదా? కలదు. మేము చూచిన చిత్రమే సాక్ష్యము. అందు కథానాయకుడు కిర్కు కాడు, ఓడ నడపు సులు. అసలు ధారావాహికలోని 79 భాగములలో ఒక్కటియు సులు హృదయమును ప్రధానముగ చేసికొన్నది లేదు. ఈ చిత్రమున అతడు మఱియొక లోకమున చిక్కుకొని, ఓడలోనివారికి కొన్ని నిమిషములుగ తోచిన కాలములో ముప్పది యేండ్ల ముసలియై, అచ్చట పుట్టిన కుమార్తెతో తిరిగివచ్చును. ముసలి సులును ధరించినవాడు 1966లో ఆ పాత్రను ధరించిన జార్జ్ టకేయే. ఇందు అనుకరణమన్నది లేదు. ముసలితనమును అతడు నటింపలేదు, అది కాలమిచ్చినది. కథను వ్రాసిన మార్క్ స్కాట్ జిక్రీ, మైకేల్ రీవ్స్ అనువారు వృత్తిరచయితలు; కావున దీనిని శుద్ధ ఔత్సాహిక కృతి యనుట న్యాయము కాదు. ఆ సంగతిని దాచి పొగడుట మాకు సమ్మతము కాదు. అయినను వృత్తివారు నలుబది యేండ్లలో సులునకు ఇవ్వని కథను ఈ వేదికమీదనే ఇయ్యగలిగిరనునది గమనింపదగినది. ఈ చిత్రము 2008లో హ్యూగో బహుమానపు తుదిజాబితా చేరినది.

మఱియొక యుదాహరణము. 2013లో మొదలైన 'స్టార్ ట్రెక్ కంటిన్యూస్' అను అభిమాన మాలికలోని మొదటి భాగమున అపోలో దేవత తిరిగివచ్చును. 1967లో ఆ దేవతను ధరించిన మైకేల్ ఫారెస్టే, నలుబదియాఱేండ్ల పిమ్మట, తెల్లని గడ్డముతో ఓడలో ప్రవేశించినాడు. పూజించువారు లేక క్షీణించిన దేవత ముసలివాడగుట కథకు ఎంత తగియున్నదో చెప్పనక్కఱలేదు. క్షేమేంద్రుడు ఔచిత్యమన్నది ఇట్టిదే. ఇక పైన జెప్పిన హిడెన్ ఫ్రాంటియర్‌లో పాత నటులు లేరు, పాత పాత్రలును ప్రధానము కాదు. అందు పురుషులిద్దఱి నడుమ ప్రణయమును మఱుగు లేక చూపిరి. అసలు స్టార్ ట్రెక్ ధారావాహికలలో అట్టి దంపతులు ప్రధానపాత్రలుగ వచ్చినది 2017లోనే. పచ్చని అంచును ప్రేక్షకులు క్షమించుటకు కారణమిది: ఎచ్చటను దొరకనిది వారికి అచ్చట దొరకినది. చూచినదానిని మరల చూపబోవువాడు తూనికకు లోనగును. చూడనిదానిని చూపువాడు స్వాగతము పొందును. తిరస్కార ఆదరములకు మేము కనుగొనిన మొదటి సూత్రమిదియే.

ఈ సందర్భమున మా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది. పండ్రెండేండ్ల క్రిందట మా తొమ్మిదవ తరగతి బాలుడొకడు రాయబార ఘట్టమునకు తరువాతి కథయని ఒక చిన్న నాటకము వ్రాసి తెచ్చెను. కర్ణుడు ఆ రాత్రి ఇంటికి పోయి భార్యతో మాటాడుట అందలి విషయము. మేము ఎఱ్ఱసిరాతో యతిభంగములను గుర్తించి, తరగతిలో రెండు పద్యములు చదివి నవ్వించితిమి. ఆ బాలుడు మరల ఏదియు వ్రాసి మాకు చూపలేదు. కర్ణుని భార్యను గుఱించి మా మహాకవులు సైతము పెద్దగా పట్టించుకొనలేదను సంగతి మాకు ఆనాడు తోచలేదు. చొక్కా అంచున గీత రంగు తప్పినదని మూడు నిమిషములకే చిత్రమును ఆపివేయు అభిమానికిని, ఎఱ్ఱసిరా పట్టిన మాకును భేదమేమి? గ్రంథము బాగుగ తెలిసినవాడే దానిలో క్రొత్త వాక్యము చేర్చువానికి మొదటి శత్రువగుట మన పండితలోకమున చిరకాలపు రోగము. అది మన దేశమునకే ప్రత్యేకము కాదని ఈ చిత్రముల చరిత్ర చూచిన పిదప తెలిసినది. అందువలన మాకు ఊరట కలుగలేదు.

కఱవు కాలమున ఆదరము హెచ్చుననునది వేఱొక సంగతి. దీనిని క్లుప్తముగ చెప్పెదము. 1989లో డాక్టర్ హూ ఆగిపోయి, నడుమ 1996లో ఒక్క చిత్రము తప్ప, 2005 వరకు దూరదర్శనమునకు తిరిగి రాలేదు. ఆ కాలమున అభిమానులు చేసిన చిత్రములును, ధ్వనినాటికలును కథను బ్రదికించినవి. అభిమానుల ధ్వనినాటికలలో పనిచేసిన నికొలస్ బ్రిగ్స్ 2005 నుండి అసలు ధారావాహికలోనే డాలెక్కులకు గొంతు నిచ్చుచున్నాడు. స్టార్ ట్రెక్ ధారావాహికయు 2005లో ఆగి 2017 వరకు దూరదర్శనమున లేకపోయినది. న్యూ వాయేజెస్‌కు మంచి ఆదరము లభించిన కాలము చాలవఱకు అదియే. ఆకలిగొన్నవాడు జొన్నరొట్టెను వంకపెట్టడు.

ఇక రెండవ సూత్రము. దీనిని నేర్పినది 'ఆక్సనార్'. 1969 నాటి ఒక భాగమున పేరు మాత్రము వినబడిన ఆక్సనార్ యుద్ధమును, గార్త్ అను సేనానిని విషయముగ గైకొని 2014లో 'ప్రెల్యూడ్ టు ఆక్సనార్' అను ఇరువది నిమిషములకు మించిన చిత్రము వెలువడినది. చూడనిదానిని చూపినది కావున మా మొదటి సూత్రము ప్రకారము ఆదరము పొందవలెను, పొందినది. నటులు వృత్తినటులు, నౌకలు కన్ను చెదరునట్టివి. పూర్తి చిత్రమునకై అభిమానులు చందాలిచ్చిరి. చందాల మొత్తము పదిలక్షల డాలర్లను మించినది. 2015 డిసెంబరులో సీబీయస్, పారమౌంట్ సంస్థలు న్యాయస్థానమున దావా వేసినవి. 2017 జనవరిలో న్యాయాధిపతి, ఈ కృతికి న్యాయమైన వినియోగమను రక్షణ చెల్లదని నిర్ణయించెను. ఆ నెలలోనే ఉభయులును రాజీపడిరి. దావాలో క్లింగాన్ జాతివారి కల్పిత భాషయు ప్రస్తావనకు రాగా, భాషకు యజమాని యుండునా యని భాషానిర్మాతల సంఘమొకటి కోర్టునకు విన్నవించుకొన్నది. వ్యాకరణము బోధించి బ్రతుకు మావంటివారికి ఆ ప్రశ్న రుచికరము; కాని దానిమీద తీర్పు రాలేదు.

ఈ వ్యవహారమున మమ్ము ఆకర్షించినది కోర్టు మాట కాదు, అభిమానుల మాట. నిన్నటివఱకు ఆ చిత్రమును నెత్తిన పెట్టుకొన్నవారిలో పెక్కురు నేడు దానికి విరోధులైరి. చిత్రము మాఱలేదు, ఒక్క దృశ్యమైనను మాఱలేదు. మాఱినది దానికిని వారికిని గల చుట్టరికము. ఇంటిలో పిల్లవాడు పాడిన పాట అపస్వరమైనను మనము చప్పట్లు కొట్టుదుము. వాడే టిక్కెట్టు పెట్టి కచేరీకి పిలిచినచో శ్రుతి చూతుము, పెట్టెలోని డబ్బు ఎచ్చటికి పోయినదని లెక్కయు అడుగుదుము. ఔత్సాహికునకు లభించు క్షమ నైపుణ్యము తక్కువయగుటచే వచ్చినది కాదు. అతడు మనవంటివాడను నమ్మకముచే వచ్చినది. ఆ నమ్మకము సడలినచో, నైపుణ్యము పెరిగినకొలది తీర్పు కఠినమగును. అభిమానులది కృతఘ్నతయని కొందఱనిరి. మేము అట్లనుకొనము. చందా యిచ్చినవాడు లెక్క అడుగుట తప్పు కాదు. అయితే ఆ కోపమున, సంస్థలు ఏమి చేసినను తగునని చంకలు కొట్టుకొన్నవారిని మాత్రము మేము మెచ్చము. ఏలన, ఆ పిమ్మట జరిగినది వారికిని నష్టమే.

దావా నడచుచుండగనే, 2016 జూన్ నెలలో ఆ సంస్థలు అభిమాన చిత్రములకు నియమములు ప్రకటించినవి. వానిని పాటించినవారిమీద దావా వేయమని వాగ్దానము. కథ యొక్కటి పదునైదు నిమిషములకు మించరాదు; రెండు భాగములైనచో మొత్తము ముప్పది నిమిషములు; తరువాయి కథలు కూడదు. చందాలు ఏబదివేల డాలర్లు దాటరాదు. పనిచేయువారెవరికిని ప్రతిఫలముండరాదు. చందాలకు హద్దు పెట్టుట మాకు సమంజసముగనే తోచినది. ఆక్సనార్ పిదప అభిమానులలోనే అనేకులు దానిని కోరిరి. కాని ఇంకొక నియమము కలదు: స్టార్ ట్రెక్ ధారావాహికలలో గాని, చిత్రములలో గాని ఇప్పుడైనను పూర్వమైనను పనిచేసినవారెవరును అభిమాన చిత్రములలో పాల్గొనరాదు. 'కంటిన్యూస్' మాలిక 2017లో పదునొకండవ భాగముతో ముగిసినది. న్యూ వాయేజెస్‌వారు టికాండెరోగా యను ఊర కట్టిన ఓడ గదులు, సంస్థ అనుమతితోనే, 2016 నుండి టిక్కెట్టు కొని చూచు ప్రదర్శనశాలయైనవి.

ఆ నియమములను మా విద్యార్థికి చదివి వినిపించితిమి. అతడు వ్రేళ్లు మడచి లెక్కించెను. మేము చూచిన చిత్రము గంటకు పైబడినది. పదునైదు నిమిషములలో సులుకు ముప్పది యేండ్లు గడుచుట యెట్లు? జార్జ్ టకే పూర్వము పనిచేసినవాడు, కావున రారాదు. మైకేల్ ఫారెస్టును రారాదు. ఇక మిగులునది కిర్కు వేషము కట్టిన అభిమాని యొక్కడే. "అంటే మొదటి పది నిమిషాలే మిగిలాయి మాస్టారూ" అని అతడు ఫోను జేబులో పెట్టుకొనెను.